అంత్యక్రియలపై పాఠకుల ప్రశ్నలు: బతికుండగానే తేల్చుకోవలసిన మాటలు

వీలునామాల గురించి ఇదివరకు ఒక పాఠకురాలికి జవాబిస్తూ, అంత్యక్రియలు ఎలా జరగాలన్న కోరికను కూడా కాగితం మీద పెట్టుకోవడం మంచిదని ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి గుంటూరు, తెనాలి, నందిగామ, ఉయ్యూరు పరిసర గ్రామాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈ మాట ఎత్తడానికి ఇళ్లలో ఎంత జంకు ఉందో, ఎత్తనందువల్ల శవం వాకిట్లో ఉండగానే ఎన్ని తగాదాలు పుడుతున్నాయో వాటిని చదివితే తెలుస్తుంది. పదిమందికీ పనికివచ్చే ప్రశ్నలను ఎంచి, రాసినవారి కోరిక మేరకు పేర్లు లేకుండా ఇక్కడ ఇస్తున్నాను.

మా అత్తగారు మామగారు పోయిన తరవాత చర్చికి వెళ్లడం మొదలుపెట్టి, బాప్తిస్మం తీసుకున్నారు. తనను సమాధుల తోటలోనే భూస్థాపన చేయాలని నాకూ మా ఆడపడుచుకూ ఎన్నోసార్లు చెప్పారు. మా బావగారు మాత్రం, 'నాన్నకు కొరివి పెట్టిన చేతులతోనే అమ్మకూ పెడతాను, మా వంశంలో పూడ్చే ఆచారం లేదు' అంటున్నారు. మావారు ఎటూ నోరు మెదపరు. అత్తగారి కోరిక చట్టప్రకారం చెల్లుతుందా?
– ఒక కోడలు, ఫిరంగిపురం మండలం

అమ్మా, మీ అత్తగారి మాట న్యాయంగా చెల్లి తీరాలి. కానీ ఆ మాటను చట్టం చేత బలవంతంగా నెగ్గించుకునే తేలిక దారి లేదు. పొలం, ఇల్లు, బంగారం ఎవరికి చెందాలో వీలునామాలో రాస్తే అది అమలవుతుంది. మనిషి దేహం ఆస్తి కాదు కనుక, దాన్ని ఏం చేయాలని రాసినా అది ప్రధానంగా కోరికగానే నిలుస్తుంది. పైగా మన ఇళ్లలో వీలునామా బయటికి తీసేది పెద్దకర్మ అయ్యాక, నలుగురూ కూర్చున్నప్పుడు. అందులో 'నన్ను పూడ్చండి' అని రాసి ఉన్నా అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు.

మనిషికి ఉండే గౌరవం చనిపోయిన తరవాత దేహానికి కూడా ఉంటుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. దిక్కులేని నిరుపేదలకు సైతం వారి మతాచారం ప్రకారమే అంత్యక్రియలు జరగాలన్న విషయాన్ని 2002లో గుర్తించింది. అయితే ఒకే తల్లి బిడ్డలు చెరొక మాట అంటే ఎవరి మాట నెగ్గాలన్నది ఈ తీర్పులు తేల్చలేదు. కోర్టుకు వెళ్లడం ఎంత కష్టమో ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలో జరిగినది చూస్తే తెలుస్తుంది. అక్కడ 2025 జనవరి 7న ఒక పాస్టరు చనిపోయారు. ఆయనను సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదని కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. ఇద్దరు న్యాయమూర్తులు చెరొక అభిప్రాయం చెప్పారు. దేహం ఇంకా మార్చురీలోనే ఉందన్న కారణంతో కేసును ఇంకా సాగదీయకుండా, దూరంగా వేరే ఊళ్లో ఉన్న క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయించాలని జనవరి 27న ఆదేశించారు. అంతవరకూ ఆ దేహం మార్చురీలోనే ఉంది. తల్లి విషయంలో ఏ బిడ్డా కోరుకునే పరిస్థితి కాదిది.

అందుచేత ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడే నాలుగు పనులు చేయించండి. తన కోరికను ఆమె స్వదస్తూరీతో ఒక కాగితం మీద రాయాలి. రాయలేకపోతే ఒకరి చేత రాయించి, చదివించుకుని విని వేలిముద్ర వేయాలి. సాక్షులుగా మీరూ మీ ఆడపడుచూ ఉంటే 'ఆడవాళ్లు కూడబలుక్కున్నారు' అనే వీలుంటుంది. బావగారు ఎదురు చెప్పలేని మనిషి, అంటే అత్తగారి సొంత తమ్ముడు వంటివారు, ఒక సాక్షిగా ఉండడం మేలు. అదే మాటను ఆమె నోటి వెంట ఫోనులో కూడా రికార్డు చేయండి. ఒక ప్రతి పాస్టరుగారి దగ్గర ఉంచండి. సంఘ సభ్యుల రిజిస్టరులో ఆమె పేరు ఉందో లేదో ఇప్పుడే కనుక్కోవాలి. సభ్యత్వం లేనివారికి సమాధుల తోటలో చోటు ఇవ్వడానికి వెనకాడే సంఘాలు ఉన్నాయి. హయ్యరు అనే లూథరన్ మిషనరీ 1842లో గుంటూరు వచ్చిన నాటి నుంచీ ఈ ప్రాంతంలో సంఘాలు పాతుకుని ఉన్నాయి. పాత శ్మశానాలు చాలావరకు నిండిపోయాయి. చోటు ఉందా, సిమెంటు సమాధి కట్టనిస్తారా, పాత గోరీ పక్కనే తవ్వాలా అన్నవి కూడా అడిగి ఉంచుకోండి.

ఇక మీ బావగారి సంగతి. ఆయన మాటలో మతం కన్నా భయమే ఎక్కువగా కనిపిస్తోంది నాకు. తల్లికి కొరివి పెట్టని కొడుకని ఊరు అంటుందేమోనన్న బాధ ఆయనది, దాన్ని చులకన చేయకండి. అత్తగారే ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, 'నాయనా, పెట్టె ముందు కొమ్ము నువ్వే పట్టాలి, మొదటి గుప్పెడు మట్టి నువ్వే వేయాలి' అని అడిగితే, పెద్దకొడుకుగా ఆయన స్థానం ఆయనకు దక్కుతుంది. ఏడాదికోసారి తల్లి పేరున అన్నదానం చేస్తానన్నా, తన ఇంట్లో తన పద్ధతిలో తద్దినం పెట్టుకుంటానన్నా అడ్డు చెప్పకండి. దేహం దొరకనప్పుడు దర్భలతో ప్రతిమ చేసి కర్మ జరిపే విధానం శాస్త్రంలో ఉందని పురోహితులకు తెలుసు. దేహం లేకపోయినా కొడుకు మనసు తృప్తిపడే దారి హిందూ ఆచారంలోనే ఉందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఒకే దేహానికి ఒకే రోజున రెండు పద్ధతులూ పోటీగా జరగనివ్వకండి. అలాంటి ఒక ఇంటికి పరామర్శకు వెళ్లాను. పందిట్లో ఒక పక్క పాటలు పాడుతూ ప్రార్థన జరుగుతోంది. పది అడుగుల దూరంలో ఇద్దరు పచ్చి వెదురు చీల్చి పాడె కడుతున్నారు. వీధిలో చెక్కపెట్టె దింపిన ఆటో ఆగి ఉంది. ఏది ఎత్తాలో చెప్పేవారు లేక, ఐస్ బాక్సు అద్దం మీద చేరిన చెమ్మను ఆ ఇంటి కూతురు కొంగుతో తుడుస్తూ కూర్చుంది. పొద్దుగూకే వేళకు పెద్దలు ఏదో తేల్చారు. ఆ అన్నదమ్ములు మాత్రం ఈనాటికీ మాట్లాడుకోవడం లేదు.

మా అమ్మ సమాధి మా పసుపు చేను గట్టున ఉంది. నాన్నగారు తనను కూడా ఆ పక్కనే పెట్టమంటున్నారు. పట్టా భూమిలో పూడ్చుకోవడానికి ఎవరి అనుమతైనా కావాలా?
– ఒక రైతు, దుగ్గిరాల మండలం

సొంత భూమి అయినంత మాత్రాన ఇష్టం వచ్చిన చోట పూడ్చవచ్చని అనుకోకూడదు. పంచాయతీ అనుమతి లేకుండా కొత్త చోటును శ్మశానంగా వాడరాదన్నది మన పంచాయతీ చట్టంలోని నియమం. వాడుకలో పొలాల్లో సమాధులు ఎన్నో కనిపిస్తాయి, వాటిని ఎవరూ అడ్డగించకపోవడం కూడా నిజమే. అయినా పంచాయతీ కార్యదర్శికి ఇప్పుడే ఒక దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. తాగునీటి బోరుకు, కాలువకు ఎడంగా, మెరకగా ఉన్న చోటు చూపించాలి. చుట్టుపక్కల రైతులకు అభ్యంతరం లేదని వారి చేత సంతకాలు చేయించండి.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని మీరు అడగలేదు. ఆ పొలం మీ పిల్లల చేతిలో ఎన్నాళ్లుంటుంది? సమాధి ఉన్న చేను కొనడానికి చాలామంది వెనకాడతారు. కొన్నవారు దున్నేస్తే మీకు కడుపుకోత. రేపు పంపకాల్లో ఆ గట్టు ఎవరి వాటాకు పోతే వారికీ మిగతావారికీ దారి గొడవ. సమాధులున్న రెండు సెంట్లనూ, బాట నుంచి అక్కడికి వెళ్లే దారినీ విడిగా కొలిపించి, పంపకాల పత్రంలో 'ఉమ్మడి' అని రాయించుకుంటే మీ తల్లిదండ్రులకు ఒక స్థిరమైన చోటు దక్కుతుంది. అది కుదరదనిపిస్తే ఆ విషయం నాన్నగారికి దాచకుండా చెప్పండి. నిజం తెలిసిన తరవాత ఊరి రుద్రభూమే నయమని వారే అనవచ్చు.

మాకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి చేత కొరివి పెట్టించాలని మావారి కోరిక. అన్నగారి కొడుకు ఉండగా ఆడపిల్ల శ్మశానానికి రావడమేమిటని, కొరివి పెట్టినవాడికే ఆస్తిలో హక్కని పాలివాళ్లు అంటున్నారు.
– ఒక గృహిణి, ఉయ్యూరు దగ్గరి గ్రామం

ఆస్తి మాట మొదట తేల్చేద్దాం. కొరివికీ వారసత్వానికీ చట్టంలో ఏ సంబంధమూ లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ భర్త స్వార్జితానికి వీలునామా లేకపోతే మీరూ మీ ఇద్దరు కూతుళ్లూ సమాన హక్కుదారులు. ఆయన తల్లి జీవించి ఉంటే ఆమెకూ సమాన వాటా వస్తుంది. మీరు ఉండగా అన్నగారి కొడుక్కి ఏమీ రాదు. పిత్రార్జితంలో కూతుళ్లకు జన్మహక్కు ఇవ్వడంలో ఆంధ్రప్రదేశ్ దేశం మొత్తానికన్నా ముందుంది. రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది, కేంద్రం 2005లో ఆ దారి పట్టింది.

కూతురు కొరివి పెట్టకూడదనే చట్టం ఎక్కడా లేదు. కొడుకు లేనప్పుడు కర్మకు అర్హుల వరుసలో భార్యనూ కూతురినీ చెప్పే ధర్మశాస్త్ర గ్రంథాలు ఉన్నాయి. పురోహితుడితో ముందే మాట్లాడి ఒప్పించండి. ఆయన కాదంటే ఒప్పుకునేవారు విజయవాడలో దొరుకుతారు. నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరగడం, ప్రతి చుట్టుకూ కుండకు చిల్లు పెట్టడం, చివరికి వెనక్కి వదలడం, ఇవన్నీ దుఃఖంలో ఉన్న అమ్మాయికి ఒక్కసారిగా చెబితే కాళ్లు వణుకుతాయి. ఏమేం జరుగుతుందో ఆమెకు ముందే తెలిసి ఉండాలి, ఆమెకూ ఇష్టమో కాదో అడగాలి కూడా. తండ్రి కోరిక ఎంత గట్టిదైనా, బిడ్డ భయపడుతుంటే మీరు ఆమె పక్కన నిలబడి ఆ కుండకు చేయి సాయం చేయండి. మీరు రాకూడదనే చట్టమూ లేదు.

మా పేటకు శ్మశానం ఉంది, దానికి దారి లేదు. తాతల నాటి నుంచి ఒక రైతు చేను గట్టు మీదుగా పాడె మోసుకుపోయేవాళ్లం. ఇప్పుడు ఆ చేను కొన్నవారు ఇనుప కంచె వేశారు. కిందటి వానాకాలం ఒక ముసలాయన శవాన్ని కాలవలో మొలలోతు నీళ్లలో మోశాం. శ్మశానంలో కూడా ఒక పక్క ఆక్రమించి పత్తి వేశారు. ఎవరిని అడగాలి?
– పేట యువకులు, నందిగామ ప్రాంతం

మొలలోతు నీళ్లలో తాతను మోసిన మీ భుజాలకు నా నమస్కారం. అలా మోయవలసి రావడం మీ ఊరికి, మండలానికి, మనందరికీ తలవంపు.

మీరు అడుగుతున్నది దయ కాదు, హక్కు. పౌర హక్కుల రక్షణ చట్టం 1955లోనే, నాలుగో సెక్షన్లో, శ్మశానాన్నీ బాటనూ వాడుకోనివ్వకుండా అంటరానితనం పేరుతో అడ్డగించడాన్ని నేరమంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ మరింత స్పష్టంగా ఉంది. ఇతరులతో సమానంగా శ్మశానాన్ని వాడుకోకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడం 3(1)(జెడ్‌ఏ) కింద శిక్షార్హం. ఒక చిక్కు మాత్రం మీరు తెలుసుకుని ఉండాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే పరిమితం. క్రైస్తవం స్వీకరించిన వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో ఒక కేసులో చెప్పింది. మీ పేటలో చర్చి కుటుంబాలు ఉంటే ఎదుటివారు ఈ వాదన తప్పకుండా తెస్తారు. అందువల్ల ఒక్క చట్టాన్నే నమ్ముకోకండి. అంత్యక్రియలకు చేరినవారి మనసు నొప్పించే ఉద్దేశంతో అలజడి చేయడం, శ్మశానంలోకి చొరబడడం పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ ప్రకారం నేరం. మనిషిని వెళ్లవలసిన దారిలో వెళ్లనివ్వకుండా నిలిపివేయడం 126వ సెక్షన్ కిందికి వస్తుంది. ఈ రెండూ ఏ మతం వారికైనా వర్తిస్తాయి.

కేసు కన్నా ముందు రికార్డు చేతికి తెచ్చుకోండి. మీ శ్మశానం సర్వే నంబరు ఏదో గ్రామ సచివాలయంలో కనుక్కుని, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (పాత భూముల రికార్డు) నకలులో ఆ భూమి 'శ్మశానం పోరంబోకు' అని ఉందేమో చూడండి. విస్తీర్ణం అక్కడే ఉంటుంది. ఎఫ్ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం) తీసుకుని, సర్వే చేయించమని తహసీల్దారుకు దరఖాస్తు పెట్టండి. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చిన రోజున పేట పెద్దలందరూ అక్కడ ఉండాలి. రాళ్లు పాతించుకుని ఫొటోలు తీయాలి. ఆక్రమించిన పత్తి చేను ఎన్ని సెంట్లో తేలితే, దాన్ని ఖాళీ చేయించవలసిన బాధ్యత అధికారులదే అవుతుంది.

దారి సంగతి కొంచెం వేరు. పత్రాల్లో బాట ఉంటే సమస్యే లేదు. లేకపోయినా, పరుల భూమి మీదుగా నడిచే వంటి హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఆసరా ఇస్తుంది. ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచిన దారికి 15వ సెక్షన్, స్థానిక ఆచారం వల్ల ఏర్పడిన హక్కుకు 18వ సెక్షన్ వర్తిస్తాయి. దీనికి రుజువు మీ ముసలివాళ్ల నోటిలోనే ఉంది. ఎవరి శవం ఏ ఏడాది ఏ గట్టు మీదుగా పోయిందో, అప్పటి రైతు ఎవరో, ఎనభై ఏళ్ల పెద్దల చేత ఇప్పుడే రాయించి వేలిముద్రలు వేయించండి. వారు లేని రోజున ఈ సాక్ష్యం మళ్లీ దొరకదు. కొన్న రైతుతోనూ ఒకసారి నేరుగా మాట్లాడండి. గట్టు పక్కన పాడె పట్టేంత వెడల్పు వదిలి కంచె వేసుకోమని, ఆ మేరకు పంచాయతీ నష్టపరిహారం ఇప్పించేలా గ్రామసభలో తీర్మానం చేయిస్తామని చెప్పి చూడండి. మంచిమాటతో తెగితే అందరికీ మేలు. తెగకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, దాని నంబరు దాచుకోండి. శవాన్ని ఆపిన రోజు వస్తే మాత్రం గొడవకు దిగకుండా వెంటనే 112కు ఫోను చేసి, తహసీల్దారును, ఆర్డీవోను అక్కడికి పిలిపించండి.

మాది లంక గ్రామం. ఆషాఢం దాటితే శ్మశానంలో గోతి తవ్వడం కష్టమైపోతోంది. కాల్చడానికి కట్టెలు తడిసి ఉంటాయి. మా శ్మశానం బాగుచేయించే దారి చెప్పండి.
– కొల్లిపర మండలం నుంచి ఒక పంచాయతీ సభ్యుడు

మీరు చెప్పే కష్టం డెల్టాలో చాలా ఊళ్లది. మూడడుగులు దిగకముందే ఊట పడుతుంది. ఒకరు బక్కెట్లతో తోడుతుంటే మరొకరు తవ్వుతారు. అంచు విరిగి మళ్లీ లోపలే పడుతుంది. ఉప్పు చల్లి, గోనెపట్టా పరిచి దింపేసరికి అడుగున నీళ్లు తేలుతాయి. తండ్రిని నీళ్లలో పెట్టామన్న బాధ ఆ కొడుకులను చాలాకాలం వదలదు. 2009 అక్టోబరులోనూ 2024 సెప్టెంబరులోనూ కృష్ణమ్మ పొంగినప్పుడు మీ వంటి ఊళ్లలో రోజుల తరబడి శ్మశానం జాడే కనిపించి ఉండదు.

మీ ఊళ్లో పూడ్చే కుటుంబాలూ, కాల్చే కుటుంబాలూ రెండూ ఉంటాయి కనుక రెండింటికీ ఏర్పాటు కావాలి. పూడ్చే భాగాన్ని చెరువు మట్టితో నాలుగైదు అడుగులు మెరక చేసి, అంచుకు రాతి కట్టు వేయించండి. తొందరపడి ఒక్క వేసవిలోనే ముగించకండి. తోలిన మట్టి ఒక వానాకాలం తడిసి కుంగిన తరవాత మళ్లీ పోయించాలి. కాల్చే భాగానికి ఎత్తు అరుగు, పైన రేకుల కప్పు, ఇనుప చువ్వల చితి పీఠం ఉంటే చాలు. ఒక దేహానికి దాదాపు మూడు నుంచి ఐదు క్వింటాళ్ల కట్టె పడుతుంది. చువ్వల పీఠం మీద గాలి కిందినుంచి ఆడుతుంది కనుక తక్కువ కట్టెతో పూర్తిగా కాలుతుంది. పక్కనే ఒక చిన్న కొట్టు కట్టించి, వేసవిలోనే రెండు మూడు చితులకు సరిపడా ఎండు కట్టె, పిడకలు నిలవ ఉంచండి. వాడినవారు తిరిగి నింపాలన్న కట్టుబాటు పెట్టుకుంటే పంచాయతీ మీద భారం పడదు. గ్రామాల్లో శ్మశానవాటికల నిర్మాణాన్ని ఉపాధి హామీ పనుల జాబితాలో చేర్చారు. గ్రామసభ తీర్మానంతో మండల పరిషత్తు కార్యాలయంలో ప్రతిపాదన పెట్టండి.

సగం కాలిన దేహాన్ని ఏటిలోకి తోసే అలవాటు ఎక్కడ ఉన్నా మాన్పించాలి. ఆ నీళ్లే దిగువ ఊళ్ల బిందెల్లోకి చేరతాయి. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్నవారిని కాల్చేటప్పుడు ఆ పరికరాన్ని ముందే వైద్యుల చేత తీయించాలి, మంటలో అది పేలుతుంది.

వరదకు చిక్కి ఊరు దాటలేని రోజున ఏం చేయాలన్నది కూడా సభలో మాట్లాడుకోండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరవాత దివిసీమలో ఎవరు ఏ కులమో, ఎవరికి మట్టి ఎవరికి మంటో అడిగే వీలు లేక వేల దేహాలను కలిపి సాగనంపవలసి వచ్చింది. పడవ ఎవరిది, ఐస్ బాక్సు ఎక్కడినుంచి వస్తుంది, తెనాలిలో ఎవరితో మాట్లాడాలి అన్న మూడు సంగతులు రాసి సచివాలయం గోడకు అంటించినా మీ ఊరికి ఎంతో మేలు చేసినవారవుతారు.

విశ్రాంత ఉపాధ్యాయుడిని, పటమటలో ఉంటాను. కర్మకాండ వద్దనీ నా శరీరాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలనీ నా నిర్ణయం. మా స్వగ్రామంలో బంధువులు ఒప్పుకోరు. పత్రం రాస్తే సరిపోతుందా?

సరిపోదు, మాస్టారూ. పత్రం మీరు రాసినా శరీరాన్ని అప్పగించవలసింది మీ దగ్గరి బంధువులే. వారు వద్దంటే కళాశాల బలవంతం చేయదు. గోరాగారి నాస్తిక కేంద్రం 1947 నుంచీ మీ పటమట వైపే ఉంది కనుక కర్మకాండ లేని వీడ్కోలు విజయవాడకు కొత్త కాదు, మీ ఊరికి కొత్త కావచ్చు. భార్యాబిడ్డల చేత అంగీకార పత్రం మీద సాక్షి సంతకాలు చేయించి, సిద్ధార్థ వైద్య కళాశాలలోనో, గుంటూరు వైద్య కళాశాలలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో శరీర నిర్మాణ శాస్త్ర విభాగంలో ఇప్పుడే నమోదు చేయించుకోండి.

పోస్టుమార్టం జరిగిన దేహాన్నీ, కొన్ని అంటువ్యాధులతో పోయినవారి దేహాన్నీ సాధారణంగా తీసుకోరు. అలా జరిగితే కాల్చాలా, పూడ్చాలా అన్నది కూడా అదే కాగితంలో రాయండి. లేకపోతే ఆ గంటలో మీ పిల్లలకు మీ మాట తోడు ఉండదు. కళ్లను మాత్రం ఆరు గంటల లోపల ఇవ్వాలి. ఇంటికే వచ్చి తీసుకుంటారు. అప్పటివరకు రెప్పలు మూసి, తడి దూది వేసి, తల కింద దిండు పెట్టి, ఫ్యాను ఆపాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. స్వగ్రామపు బంధువులకు మీ చివరిచూపు దక్కేలా కొన్ని గంటలు కేటాయిస్తే, వారి అభ్యంతరం సగం తగ్గుతుందని నా నమ్మకం.

మా నాన్న రెండు నెలల కిందట ఇంట్లోనే పోయారు. ఊరి శ్మశానంలో దహనం చేశాం, ఎక్కడా రాయించలేదు. ఇప్పుడు బ్యాంకులో, పాసుపుస్తకం మార్పుకు మరణ ధ్రువపత్రం అడుగుతున్నారు.
– తాడికొండ మండలం

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఏ మరణాన్నయినా 21 రోజుల్లో తెలపాలి. గ్రామంలో నమోదు చేసేది పంచాయతీ కార్యదర్శి. ఆ గడువు దాటి 30 రోజుల లోపు అయితే ఆలస్య రుసుముతో సరిపోయేది. మీకు రెండు నెలలు అయింది కనుక, ఏడాది లోపు కేసుల మాదిరిగా, సంబంధిత అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. స్వీయ ధ్రువీకరణతో దరఖాస్తు చేసుకోండి. నాన్నగారి ఆధార్, దహనం చూసిన ఇద్దరి వాంగ్మూలం, వైద్యం చేయించి ఉంటే ఆ కాగితాలు జత చేయండి. ఏడాది దాటనివ్వకండి. అప్పుడు జిల్లా లేదా డివిజన్ స్థాయి మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవలసి వస్తుంది. నమోదయ్యాక ధ్రువపత్రం మొదటి ప్రతిని ఉచితంగానే ఇవ్వాలి.

ఈ ఉత్తరం చదివే రైతు కుటుంబాలకు మరొక మాట. పాము కాటు, పురుగుమందు, కరెంటు షాకు, రోడ్డు ప్రమాదం వల్ల పోయినవారిని 'కోయించడం ఎందుకు' అని పోలీసులకు చెప్పకుండా ఆ సాయంత్రమే కాల్చేస్తున్నారు. అలాంటి మరణాలను పోలీసులకు తెలిపి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం విచారణ జరిగిన తరవాతే అంత్యక్రియలు చేయాలి. అలా చేయకపోతే అనుమానం ఇంటివారి మీదికే వస్తుంది. పోయినవారు ప్రధాన మంత్రి సురక్షా బీమా చేయించుకుని ఉంటే, ప్రమాద మరణానికి ఆ కుటుంబానికి రావలసిన 2 లక్షల రూపాయలకు కూడా రుజువు లేకుండా పోతుంది. పోస్టుమార్టం జరిగిన దేహాన్ని గుడ్డ చుట్టి అప్పగిస్తారు. స్నానం చేయించడానికీ, బొట్టు పెట్టడానికీ, ప్రార్థన చేయడానికీ, కఫన్ కప్పడానికీ దానివల్ల ఏ అడ్డంకీ ఉండదు.